రక్తపిశాచికి నిలువుటద్దం

ఆ రోజు పొద్దున అద్దాలాయన చేతిలో ఉన్న సరుకు ఇది: మామగారి భవనంలో ఒక దుకాణం, ఆ దుకాణం మీద కన్నేసిన ఒక బావమరిది, ఎవరి పక్షమూ తీసుకోని ఒక భార్య, ఎవరూ కొనని ఒక నిలువుటద్దం. మొదటి మూడింటినీ వదిలించుకునే ఉద్దేశం ఆయనకు లేదు. నాలుగోది మాత్రం సాయంత్రంలోగా పోవాలి.

అది ఒక హోటల్ వాళ్ళు చేయించుకున్న అద్దం. అద్దం తయారయ్యేసరికి హోటల్ మూతపడింది. మనిషికంటే ఎత్తు, మంచమంత వెడల్పు, చుట్టూ ద్రాక్షగుత్తులు చెక్కిన నల్లటి ఫ్రేము. ఏ ఇంట్లోనూ పట్టదు, ఏ గోడా మోయదు. గుమ్మానికి ఎదురుగా నిలబడి, లోపలికి వచ్చే ప్రతివాడికీ వాడినే ఎదురు పంపేది. దుకాణం కిటకిటలాడుతోందనుకుని వెనక్కి తిరిగిపోయిన వాళ్ళు కూడా ఉన్నారు.

మామగారు మాట తక్కువ మనిషి, ఆడిన మాట తప్పని మనిషి. వారం కిందట దుకాణానికి వచ్చి, అద్దంలో తన మీసం సరిచేసుకుని, ఒకే మాట చెప్పి వెళ్ళారు.

"అల్లుడుగారూ, సరుకు కదిలితే దుకాణం, కదలకపోతే గోడౌను. వచ్చే వారం ఇదే రోజు సాయంత్రానికి ఈ అద్దం ఇక్కడే ఉంటే, సగం గోడౌనని మీరే ఒప్పుకున్నట్టు. ఆ సగం మావాడికిస్తాను, సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటాడు."

ఆ సాయంత్రం ఇదే. బావమరిది అప్పటికే టేపు పెట్టి నేల కొలుచుకున్నాడు. తన బల్ల ఎక్కడ వస్తుందో సుద్దముక్కతో గీత కూడా గీసుకున్నాడు. అద్దాలాయన రోజూ ఆ గీతను తుడవడం, వాడు రోజూ గీయడం, ఇద్దరూ ఆ విషయం ఎత్తకపోవడం జరుగుతూ వచ్చింది.

ముందురోజు దేవుడు తలుపు తట్టినట్టు ఒక టీవీ సీరియల్ వాళ్ళు ఫోన్ చేశారు. రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చే ఆ సీరియల్లో హీరో రక్తపిశాచి, వృత్తి డిటెక్టివ్. నెత్తుటి వాసన పట్టి హంతకులను పట్టుకుంటాడు. అలాంటివాడు ఒక మామూలు అమ్మాయిని ప్రేమించాడు. ఆ అమ్మాయి తండ్రిని ఎవరో చంపారు. ఎవరు చంపారో మొదటి రోజునుంచీ వెతుకుతూనే ఉన్నాడు, ఇంతవరకూ దొరకలేదు. ఆ సీరియల్ వచ్చే సమయంలో అద్దాలాయన ఇంట్లో ఎవరైనా దగ్గాలన్నా ప్రకటనలు వచ్చేదాకా ఆగాల్సిందే. అద్దాలాయన మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆ వేళకు ఆయన దుకాణంలో ఉంటాడు.

సెట్టు వేసే ఆయన కోరింది ఫ్రేము ఒక్కటే. అద్దం అక్కర్లేదన్నాడు. అద్దాలాయన ఒప్పుకోలేదు. ఫ్రేము పోయి అద్దం మిగిలితే జుట్టు పోయి దువ్వెన మిగిలినట్టే. రెండూ తీసుకోవాలన్నాడు. చాలాసేపు బేరం జరిగాక, తెర మీద ఏది కనిపిస్తే అది కొంటామని, కనిపించనిది సాయంత్రం వెనక్కి పంపేస్తామని సెట్టాయన తేల్చాడు. అద్దం తెచ్చుకుని తెర మీద చూపించని వాడెవడుంటాడు? అద్దాలాయన బేరం ఖాయం చేసుకున్నాడు.

షూటింగు ఒక పాత బంగళాలో. సాయం చేస్తానంటూ బావమరిది కూడా వ్యాను ఎక్కాడు. అద్దం వెనక్కి వస్తుందో రాదో కళ్ళారా చూడాలని వాడి ఆత్రం. వాళ్ళు చేరేసరికి అందరూ భోజనాలకు వెళ్ళారు. పొద్దున్నే వాళ్ళు పట్టుకెళ్ళిన ఫ్రేము గోడకు బిగించి ఉంది. లోపల అద్దం లేదు, నల్లగుడ్డ వేలాడుతోంది. దాంతో పాటు పట్టుకెళ్ళిన అద్దం వరండాలో చెప్పుల పక్కన నిలబడి ఉంది.

అద్దాలాయన గుండె చెరువైంది. ఇది అద్దం బిగించడం చేతకాని వాళ్ళ పని అనుకున్నాడు. ఇలా వదిలేస్తే సాయంత్రానికి ఉత్త ఫ్రేమే తెర మీద కనిపిస్తుంది, అద్దం ఇంటికొస్తుంది, దుకాణం సగమవుతుంది. సంచీలోంచి సుత్తి తీశాడు.

సీరియల్ చూసేవాడికెవడికైనా అసలు సంగతి తెలుసు. రక్తపిశాచి అద్దంలో కనపడడు. అందుకని అద్దం ఉండాల్సిన చోట ఖాళీ ఫ్రేము పెడతారు. దాని వెనక అచ్చం ఇలాంటిదే ఇంకో గది కట్టి, అందులో హీరోయిన్‌ను ఇటువైపు తిప్పి నిలబెడతారు. ఫ్రేముకు ఈవైపు హీరోతోపాటు ఒక డూపు నిలబడతాడు, వాడి వీపు మాత్రమే కెమెరాకు కనిపిస్తుంది. చూసేవాళ్ళకు హీరోయిన్ ఒక్కతే అద్దంలో ఉన్నట్టు, హీరో లేనట్టు అనిపిస్తుంది. ఇదంతా బావమరిదికి తెలుసు. ఆ సీరియల్ ఒక్క రోజూ వదలకుండా చూశాడు. కానీ తెలిసినప్పుడు నోరు మూసుకోవడం కూడా ఒక రకం పెట్టుబడే. వాడు మేకులు ఒక్కొక్కటే అందిస్తూ నిలబడ్డాడు.

"బావా, ఇంకాస్త గట్టిగా బిగించు," అన్నాడు. "మళ్ళీ ఊడిందంటే మన పేరు పోతుంది."

వాడి నోట ఇంత మంచిమాట విని అద్దాలాయన మనసు కరిగింది. దుకాణంలో మామూలు అద్దాలకు వాడని ఖరీదైన పేస్టు తీసి అంచుల వెంట పూశాడు. అది పట్టిందంటే గోడ పోవాలి తప్ప అద్దం పోదు. సెట్టు మీద పనివాళ్ళు ఇద్దరు ముగ్గురు అటుగా వెళ్ళారు కానీ ఎవరూ అడగలేదు. సుత్తి పట్టుకుని విసుగ్గా ఉన్న మనిషిని షూటింగులో ఎవరూ ఏమీ అడగరు.

భోజనాలయ్యాయి. డైరెక్టర్ పక్కగదిలో చిన్న టీవీ ముందు కూర్చున్నాడు. ఆ రోజు తీసింది ఆ రోజే ఏడింటికి వేయాలి కాబట్టి ఆయన గదిలోంచి కదిలే తీరిక లేని మనిషి. వెనకవైపు తలుపులోంచి హీరోయిన్ వెళ్ళి చీకట్లో తన చోట నిలబడింది. వేళకు లైట్లు వేసి, నల్లగుడ్డ లాగేస్తారని చెప్పారు. ఇటువైపు డూపు వచ్చాడు. రోజూ లైట్లు మోసే మనిషే, వెనకనుంచి చూస్తే అచ్చం హీరోయిన్. పొడుగాటి విగ్గు, ఎర్రటి గౌను. ముందునుంచి చూస్తే చెంపలదాకా మీసాలు. ముందునుంచి చూడాల్సిన అవసరం అంతవరకు ఎవరికీ రాలేదు.

ఆఖరున హీరో వచ్చాడు. పాత్రలో ఎంతగా మునిగిపోయాడంటే, గదిలో కూడా గొడుగు వేసుకునే తిరుగుతాడు. ఇంట్లో అద్దాలన్నిటికీ కాగితాలు అంటించాడు. తన ముఖం చూసుకుని చాలాకాలమైంది. మేకప్ చేసేవాడిమీద భారం వేసి బతుకుతున్నాడు.

డైరెక్టర్ మొదలుపెట్టమన్నాడు. కెమెరా తిరిగింది. హీరో నెమ్మదిగా డూపు భుజం మీద చెయ్యివేసి, అలవాటు ప్రకారం శూన్యంలోకి చూశాడు. శూన్యంలో ఒక ముసలాయన కోరలతో నిలబడి ఉన్నాడు.

కాసేపటికి అది తన ముఖమేనని అతనికి అర్థమైంది. దానికంటే పెద్ద సంగతి కూడా అర్థమైంది. ఆ సీరియల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ పాత్రనైనా తీసేయాలనుకుంటే ముందు మామూలు మనిషిని చేస్తారు, తర్వాత చంపేస్తారు. తోడేలు ఇన్‌స్పెక్టర్‌ను అలాగే పంపించారు. ఇప్పుడు తనను అద్దంలో చూపిస్తున్నారు. అంటే మనిషిని చేశారు. అంటే ఉద్యోగం ఊడింది.

అతని కళ్ళలోంచి నీళ్ళు కారాయి. పిశాచి ఏడవకూడదని ఇన్నాళ్ళూ రాయిలా ఉంచిన ముఖం కరిగి మెడదాకా వచ్చింది.

"నేనేం తప్పు చేశాను?" అన్నాడు అద్దంలోకి చూస్తూ. "ఒక్కసారి ముందే చెప్పి ఉంటే బాగుండేది కదా."

 డూపు మంచి మనిషి కాబట్టి హీరోను దగ్గరకు తీసుకుని వీపు నిమిరాడు. అద్దం అవతల చీకట్లో, అందరూ హీరోనే చూస్తుండటంతో లైట్లూ రాక, పేస్టుకు అంటుకుపోయిన గుడ్డా కదలక, హీరోయిన్ తన మాటలన్నీ నల్లగుడ్డకు చెప్పేసి, బదులు రాకపోయేసరికి అద్దాన్ని డబడబా బాదడం మొదలుపెట్టింది. పేస్టు ఇంకా పచ్చిది కదా, ఆ దెబ్బలకు అద్దం ఊడుతుందేమోనని కంగారుపడి అద్దాలాయన మూలలోంచి గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అద్దంలో హీరోకు, డూపుకు మధ్య ఆయన ముఖం నిండుగా కనిపించింది, కళ్ళు పెద్దవి చేసుకుని.

పక్కగదిలో డైరెక్టర్ ఆపమనలేదు. హీరో నటించడం ఆయన చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత హీరో గొడుగు కూడా మరిచి ఎండలోకి నడిచి, కారెక్కి వెళ్ళిపోయాడు. ఫోన్ తీయలేదు. మళ్ళీ తీద్దామంటే హీరో లేడు. అద్దం పీకి ఏదో ఒకటి చేద్దామంటే ముగ్గురు మనుషులు వేలాడినా అది కదల్లేదు. చేతిలో ఉన్నది ఆ ఒక్క షాటే. అందులో అద్దంలో కనపడకూడని పిశాచి కనిపిస్తున్నాడు, హీరోయిన్‌కు మీసాలు కనిపిస్తున్నాయి, సంబంధం లేని ఒక మనిషి గుడ్డ పట్టుకుని కనిపిస్తున్నాడు. సెట్టాయన మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. బావమరిది వ్యాను వెనక తలుపు తెరిచి, అద్దం పట్టేలా లోపల సర్దుతున్నాడు.

డైరెక్టర్ గదిలోంచి రచయిత్రిని కేకేశాడు. ఆమె వరండాలో కూర్చుని రేపటి సీను ఇవాళ, ఇవాళ్టి సీను ఇవాళే రాసే మనిషి. వచ్చి షాటు చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత, పప్పులో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా చెప్పింది.

"ఇది ఉన్నది చూపించే అద్దం కాదు, నిజం చూపించే అద్దం. పిశాచిలో ఉన్న మనిషిని చూపించింది. అమ్మాయిలో ఉన్న వాళ్ళ నాన్నను చూపించింది, ఆయన ముఖం మనం ఇంతవరకు ఎవరికీ చూపించలేదుగా. వెనక గుడ్డ పట్టుకున్నాడే, ఆయనే చంపాడు."

"గుడ్డెందుకు?" అన్నాడు డైరెక్టర్.

"నెత్తురు తుడుచుకోవడానికి."

అప్పుడే అద్దాలాయన తలుపు దగ్గరకు వచ్చాడు, తిట్లకు సిద్ధపడి. డైరెక్టర్ లేచి కుర్చీ వేశాడు. అద్దం తెర మీద కనిపిస్తుందని, కొనేశామని చెప్పాడు. ఒక్క చిన్న సంగతి. ఒకసారి తెర మీద కనిపించింది రేపూ అలాగే కనిపించాలి. దాన్ని కంటిన్యుటీ అంటారట. అద్దం ఉన్నన్నాళ్ళు హంతకుడూ ఉండాలి. అద్దం తీసుకోవాలంటే ఆయన రోజూ రావాలి.

"అద్దంతోపాటు నేనూనా?" అన్నాడు అద్దాలాయన.

"రెండూ కలిపే అమ్ముతానని మీరే అన్నారట కదా సార్," అన్నాడు మెట్ల మీదినుంచి లేచొచ్చిన సెట్టాయన.

సాయంత్రంలోగా అద్దం పోవాలి. బేరం తెగే చోట ఆలోచించినవాడు వ్యాపారి కాడు. అద్దాలాయన సరేనన్నాడు. బావమరిది వ్యాను తలుపు మూసి, ముందు సీట్లో కూర్చుని, దారంతా కిటికీలోంచి బయటికి చూశాడు.

ఏడింటికి ఇంట్లో అందరూ టీవీ ముందు చేరారు. ఆయన కూడా, మొదటిసారి. పిశాచి ఏడ్చాడు, ఇంటిల్లిపాదీ ఏడ్చారు. మీసాల తండ్రి కూతురి గౌనులో కనిపించాడు, కూతురి మీద ఎంత ప్రేమో అని భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత అద్దాలాయన ముఖం కనిపించింది. టీవీ అంతా అదే.

భార్య టీవీని చూసింది, పక్కకు తిరిగి మొగుణ్ణి చూసింది, కొంచెం దూరంగా జరిగి కూర్చుంది.

"అంత పెద్దమనిషిని ఎందుకు చంపారండీ?" అంది.

"నాకూ తెలీదే. ఆవిడ ఇంకా రాయలేదు."

"ఇన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాకు చెప్పలేదు మీరు."

మామగారు మాత్రం నిదానంగా ఆలోచించారు. అద్దం కదిలింది, మాట నిలబడింది, కాబట్టి దుకాణంలో సగం ఇవ్వాల్సిన పని లేదు. అల్లుడు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి వదిలేలోపు మామగారు ఇంకో మాట అడిగారు.

"రోజూ షూటింగంటున్నారు. మరి దుకాణంలో ఎవరు కూర్చుంటారు?"

జవాబు కోసం ఆయన ఎక్కువ దూరం చూడలేదు. గది మూలలో బావమరిది అప్పటికే లేచి నిలబడ్డాడు. సగం ఇవ్వలేదు. మొత్తం చూసుకోమన్నారు, అంతే.

మర్నాటినుంచి దుకాణం ముందు జనం. హంతకుడు కూర్చున్న కుర్చీ చూడటానికి వచ్చినవాళ్ళు ఊరికే పోలేక తలా ఒక చేతి అద్దం కొనుక్కుపోయారు, వాళ్ళ ఫోన్లు బావమరిది బాగుచేశాడు. హీరో తన ఉద్యోగం పోలేదని తెలుసుకుని తిరిగొచ్చాడు, ఇంట్లో కాగితాలు చింపేసి రోజూ ఏడుస్తున్నాడు. డూపుకు మేకప్ గది ఇచ్చారు. అద్దాలాయన పొద్దున్నే వెళ్ళి గుడ్డ పట్టుకుని అద్దం వెనకా ముందూ నిలబడి, ఏడింటికి ఇంటికొచ్చి, తను చేసిన నేరాలేమిటో అందరితోపాటు తెలుసుకుంటున్నాడు.

నెల తిరిగాక మామగారు అంతా బేరీజు వేసి, మొత్తం మీద ఇది లాభసాటి వ్యవహారమే అన్నారు. ఎవరికి అని ఎవరూ అడగలేదు.