కంట్రోల్ మనిషి

నా భార్య సింహాచలమ్మ పోయి మూడేళ్లయింది. నేనింకా క్షమించలేదు. ఎందుకో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి. అప్పుడు రాయగడలో మా కాలనీ మొత్తం నవ్వింది. మీరు నలుగురు కొత్తగా నవ్వితే నాకు పోయేదేమీ లేదు.

నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పట్టాలు చూసుకుని రిటైరయ్యాను. మర్నాడు పొద్దున్నే సింహాచలమ్మ అటక మీంచి ట్రంకుపెట్టె దించింది.

"ఎక్కడికే?" అన్నాను.

"గుడారి. రిటైరయ్యేక మా ఊరు గుడారి ఎల్లిపోదామని మాటిచ్చేవు కాదేటి?"

"ఎప్పుడిచ్చేను?"

"పెళ్లైన కొత్తల్లో. టేసన్ కాడ."

"నాకు గుర్తు నేదు."

నాకు బాగా గుర్తుంది. మాటిచ్చింది నేనే. కానీ గుడారికి రైలు లేదు. ముప్పై నాలుగేళ్లు రైలు చప్పుడుకి నిద్రపోయినవాణ్ణి, కోడి కూతకి లేవమంటే ఎలా లేస్తాను? పైగా అక్కడ ఆవిడ చెల్లెలు బుల్లమ్మ ఉంది. పేరులోనే చిన్నతనం. నోరు గూడ్స్ బండి. మొదలైతే యాభై ఎనిమిది పెట్టెలూ పోయేదాకా గేటు తెరుచుకోదు.

"నీకు మతిమరుపొచ్చింది," అన్నాను. "నిన్న పులుసులో రెండుసార్లు ఉప్పేసేవు."

"నానేసింది ఒకసారే. రెండోసారి నువ్వేసేవు. రుసి సూత్తానని మూత తీసేవు."

ఆ సంగతి నాకు నిజంగానే గుర్తు లేదు.

సరిగ్గా ఆ వారమే కాలనీ కల్యాణమండపంలో పరిశోధకులు దిగారు. ఏదో విశ్వవిద్యాలయం వాళ్లు. ముసలివాళ్ల జ్ఞాపకశక్తి మీద పరిశోధనట. దానికి ఐదుగురు కావలసి వచ్చారు. పెద్దావిడ భారతీదేవి సాహిత్యం. పర్లాకిమిడి మనిషి, తెలుగు వచ్చు. ముసలివాళ్ల చేత కథలు చెప్పించి రికార్డు చేస్తుంది. మెదడు శాస్త్రం ఆయన తలకి వైర్ల టోపీ పెడతాడు. డాక్టరు బరువు చూసి రక్తం తీస్తాడు. సామాజిక విధానాల ఆవిడ మన ఇంట్లో కుర్చీలెన్ని, కూర్చునేవాళ్లెందరు అని అడుగుతుంది. ఐదోవాడు నరేంద్ర, గణిత భౌతిక శాస్త్రం. మనిషి ఎంత వేగంగా మరిచిపోతాడో సమీకరణం కడతాడు. కళ్లజోడు ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటూ కడతాడు.

నాకు దారి దొరికింది. ఐదుగురు చదువుకున్నవాళ్లు సింహాచలమ్మకి మతిమరుపని కాగితం మీద రాసిస్తే, ఇక ఆవిడ గుర్తు చేసుకున్న మాట చెల్లదు. గుడారి చెల్లదు. బుల్లమ్మ చెల్లదు.

మండపానికి పోదాం రమ్మన్నాను. "పద," అంది సింహాచలమ్మ. అంత సులువుగా ఒప్పుకుంటే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

అక్కడ చీట్లు తీయించారు. ఆవిడకి 'కథ' అని వచ్చింది. అంటే రోజూ పొద్దున్న ఒక కథ వినిపిస్తారు. నా చీటీ భారతీదేవి విప్పింది.

"లక్ష్మణుడు గారూ, మీరు కంట్రోల్."

మా వైపు కంట్రోల్ అంటే ఒకటే అర్థం. రేషన్ షాపు. కంట్రోల్ బియ్యం, కంట్రోల్ కిరసనాయిలు. ఆ మాట చెవిన పడితే చెయ్యి దానంతటదే సంచి వెతుక్కుంటుంది.

"ఎన్ని కిలోలమ్మా?" అన్నాను.

"డాక్టరుగారు చూసి చెబుతారు."

డాక్టరు నన్ను యంత్రం మీద నిలబెట్టాడు. "అరవై రెండు," అన్నాడు.

అరవై రెండు కిలోలు. ఒక్క మనిషికి. ఇంత ఉదారమైన పరిశోధన నేను జన్మలో వినలేదు. ఇంటికి వెళ్తూ పక్కింటి పెద్దబ్బాయికి చెప్పాను. పెద్దబ్బాయికి అరవై ఐదేళ్లు. ఎవరికీ చెప్పొద్దన్నాను. అందుకని ఒక్కొక్కరికీ విడివిడిగా, చెవిలో చెప్పాడు.

మర్నాడు ఏడింటికల్లా మండపం నుంచి రైలు గేటు దాకా లైను. చేతిలో సంచి, సంచిలో రేషన్ కార్డు. ఎక్కువ తూగాలని పెద్దబ్బాయి నాలుగు ఇడ్లీలు అదనంగా తిని, లుంగీ మడతలో ఇటుక పెట్టుకొచ్చాడు.

ఇంతమంది చదువుకి సాయం వచ్చారని సామాజిక విధానాల ఆవిడ కళ్లు తుడుచుకుంది. మెదడు ఆయన ఉన్న ఐదు టోపీలూ ముందున్న ఐదుగురికి పెట్టాడు. వాళ్లు మళ్లీ తియ్యనివ్వలేదు. టోపీ ఉన్నవాడిదే ముందు నంబరని లైన్లో తేలిపోయింది. వెనకవాళ్లు వైర్లు పట్టుకుని లాగారు. నరేంద్ర బల్లెక్కి, లైను ఎంత వేగంగా పెరుగుతోందో బోర్డు మీద లెక్క కడుతూ, పదకొండింటికి ఈ లైను విజయనగరం చేరుతుందని ప్రకటించాడు. చివర ఉన్నవాళ్లు అక్కడ కూడా ఇస్తున్నారనుకుని బస్సెక్కారు.

భారతీదేవికి సంచులు చూశాక సంగతి అర్థమైంది. మైకు తీసుకుంది.

"కంట్రోల్ అంటే రేషన్ కాదండీ. కొందరికి కథలు చెబుతాం. కంట్రోల్ వాళ్లకి ఏమీ ఇవ్వం. ఏమీ ఇవ్వకపోతే మనిషి ఏమవుతాడో చూస్తాం."

అందరూ ఖాళీ సంచుల్లోకి చూసుకున్నారు.

"అది మా ఈదిలో సానా ఏళ్లబట్టి నడుత్తందమ్మా," అన్నాడు పెద్దబ్బాయి. "ఏటీ అవ్వలేదు."

తర్వాత అందరూ నావైపు తిరిగారు. తూకానికి తెచ్చిన ఇటుక పెద్దబ్బాయి చేతిలోనే ఉంది. సింహాచలమ్మ అడ్డం వచ్చి నన్ను లోపలికి లాగి, ఎవరో విసిరేసిన టోపీ ఒకటి నా తలకి తొడిగింది.

"పరీచ్చ అవుతంది. ఈయన్నేటీ అనకూడదు," అంది వాళ్లతో.

అలా ఆ రోజే చివరి పరీక్ష పెట్టేశారు. ఇద్దరికీ తెలిసిన ఒక రోజు గురించి చెప్పాలి. రికార్డరు పెట్టారు. తప్పులు గుర్తు పెట్టడానికి నరేంద్ర సుద్దముక్క పట్టుకున్నాడు.

సింహాచలమ్మ ఏ రోజు ఎంచుకుందో మీకు తెలుసు. మాటిచ్చిన రోజు.

"అది దీపావళి ముందురోజు," అని మొదలుపెట్టింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "దసరా ముందురోజు. ఒక తప్పు, రాసుకోండమ్మా."

"ఈయన నీలం సొక్కా ఏసుకున్నాడు."

"గళ్ల సొక్కా. రెండు."

"టేసన్ కాడ ఇడ్లీ తిన్నాం."

"పకోడీ. నీ పొట్లంలో ఉల్లిపాయి నేదని నాది లాక్కున్నావు. మూడు."

నరేంద్ర గీతలు గీస్తున్నాడు. మెదడు ఆయన తెర మీద నా గీతలు చూసి మెచ్చుకుంటున్నాడు. సింహాచలమ్మ తల గోక్కుంది. పాపం, నిజంగానే మరిచిపోతోందనుకున్నాను.

"అప్పుడు ఈయన, రిటైరయ్యేక పార్వతీపురం ఎల్లిపోదామని మాటిచ్చేడు."

"పార్వతీపురవేటే? గుడారి అన్నాను. రిటైరైన మర్నాడే ట్రంకుపెట్టి సర్దుకుని గుడారి ఎల్లిపోదామని, నీ సేతిలో సెయ్యేసి..."

ఆగాను. రికార్డరు ఎర్రలైటు వెలుగుతోంది.

"నాలుగు," అంది సింహాచలమ్మ.

భారతీదేవి కాగితం రాసిచ్చింది. నా జ్ఞాపకశక్తి అద్భుతమని, సింహాచలమ్మకి కొంచెం మతిమరుపని. నాకు కావలసిన కాగితమే. అక్షరం పొల్లుపోలేదు.

"జేబులో ఎట్టుకో," అంది సింహాచలమ్మ. "రెండు సేతులూ ట్రంకుకి కావాల."

మోశాను. గుడారి బస్సులో ఒకటే అంది: "ఆ గళ్ల సొక్కా ఇప్పటికీ ట్రంకుపెట్టి అడుగునే ఉంది."

నాలుగేళ్లు ఉందిక్కడ. తర్వాత నన్ను బుల్లమ్మకి అప్పజెప్పి పోయింది. నేను ఇచ్చిన మాటలో ఈ భాగం లేదు. అందుకే క్షమించలేదు.

పోయిన నెల భారతీదేవి ఫోన్ చేసింది. పరిశోధన ఇంకా అవలేదట. ఆ రోజు గురించి మళ్లీ చెప్పమంది.

"దీపావళి ముందురోజు," అన్నాను. "నీలం సొక్కా. ఇడ్లీ."

అటువైపు కాగితాలు తిప్పిన చప్పుడు.

"అయ్యో, లక్ష్మణుడు గారూ, మూడూ తప్పే. అప్పుడు మీరే కదా దిద్దారు?"

"మా ఆవిడ అలాగే సెప్పింది కదమ్మా," అన్నాను. "అలాగే రాసుకోండి."