రాయి నాకండి, వైన్ ఎందుకు?

వైన్ తాగడం అనాగరికం! ద్రాక్షతోటకి వెళ్తే రాయి నాకాలి. అదీ సంస్కారం.

నవ్వకండి. జర్మనీలో మోజెల్ నది ఒడ్డున పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచీ రీస్లింగ్ అనే మా తెల్ల వైన్ తాగుతూ వచ్చిన మొద్దుని నేను. మొన్నటిదాకా ఆ సంగతి నేనూ ఎరగను. మా గుట్టలన్నీ పలకరాయి. నలభై కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు బురద అలా గట్టిపడిందట. ఆ సముద్రం రుచి మా వైన్‌లో తగులుతోందని ఎవరో నిపుణుడు సెలవిచ్చాడు. అంతే! టూరిస్టులు బస్సు దిగడం, గుట్ట ఎక్కడం, రాయి తీసి నాకడం, కళ్ళు మూసుకోవడం!

ఇది వరం కాదూ? చిన్నప్పుడు బలపాలు కొరికి దెబ్బలు తిన్నవాళ్ళందరికీ ఇన్నాళ్ళకి గౌరవం దక్కింది. నీలం పలకలో నిమ్మతొక్క వాసనట, ఎర్ర పలకలో పొగట. రాయికి గ్లాసు అక్కర్లేదు, మూత అక్కర్లేదు, తెల్లారితే తలనొప్పి ఉండదు. కడుపునిండా నాకి కారు నడుపుకుంటూ పోయినా పోలీసులు ఆపరు!

మా పక్కింటి గెర్లిండక్కకి డెబ్బైమూడేళ్ళు. ఊరు మొత్తంలో నిట్టనిలువు తోట ఆవిడదే, అందుకే అందరూ అక్కడికే ఎగబడతారు. మొన్న టోపీ పెద్దమనిషి ఒకాయన ఆవిడ పెరట్లో ఓ రాయి నాకి, ఇంత లోతైన రుచి ఇంకెక్కడా తగల్లేదని పరవశించిపోయాడు.

“అది మా కోళ్ళగూడు కప్పు మీంచి జారిన పలక బాబూ,” అంది అక్క. “కడగలేదు కూడా.”

ఆయన తగ్గితేగా! ఆ లోతు ఎక్కడిదో ఇప్పుడు అర్థమైందని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

నాకినవాళ్ళు రాళ్ళు జేబులో వేసుకుపోతున్నారని కొందరు అసూయాపరుల గోల. పోనివ్వండి! వానలకి ఎలాగూ జారి రోడ్డు మీద పడేవే కదా. పగలంతా ఎండ తాగి, పొద్దుగూకాక తీగలకి వెచ్చదనం ఇచ్చేది ఆ రాళ్ళే. అందుకని తాతల నాటి నుంచీ వాటిని బుట్టకెత్తి, వీపున మోసి, మళ్ళీ పైకి చేరుస్తూ వచ్చాం. ఉత్త చాదస్తం.

అక్కకి ఆ చాదస్తం వదల్లేదు. ఈ వసంతంలో గుట్ట కింద బుట్టలు పేర్చి, పైకి వెళ్ళేవాళ్ళని తలా నాలుగు రాళ్ళు పట్టుకెళ్ళమని బతిమాలింది. అందరూ బుట్టలతో ఫొటోలు దిగారు. ఖాళీ చేతులతో ఎక్కి, జేబుల నిండా రాళ్ళతో దిగొచ్చారు.

ఆ సమయానికి నేను మా ఇంటి ముందు బెంచీ మీద కూర్చుని, మా రాళ్ళ వైభవం గురించి పత్రికకి పన్నెండో వ్యాసం రాస్తున్నాను. అక్క వచ్చి ఎదురుగా నిలబడింది.

“వెండలినూ, రాసింది చాలుగానీ, ఒక్క బుట్ట పట్టుకురారా.”

మోకాలు నొప్పన్నాను. నొప్పి నిజమే, రాసేటప్పుడు మాత్రం తెలీదు. ఆవిడ తనే ఓ బుట్ట ఎత్తుకుని గుట్ట ఎక్కింది. సగం దూరంలో ఆగింది. చాలాసేపు నిలబడి, రాళ్ళు అక్కడే కుమ్మరించి దిగొచ్చింది.

తోటలో పై పది వరుసల తీగల్నీ ఈ ఏడాదితో వదిలేస్తోంది. ఆవిడ చేసే మంచి వైన్ అంతా ఆ పది వరుసలదే. నాకు ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు.

అయినా మీరు బెంగపెట్టుకోకండి. రెండేళ్ళలో అక్కడ ముళ్ళకంప పెరుగుతుంది. దానికీ ఏదో ఒక రుచి ఉండే ఉంటుంది. వచ్చి నాకి చూసి చెప్పండి, రాయడానికి నేనున్నాను.