నెలవంక గుర్తున్న ప్రేమ నవలలు

"జిల్లా మొత్తం మీద బుర్ర అనేది ఒక్కటే ఉంది చెల్లె. గది నా మెడ మీద ఉంది," అన్నాడు మల్లేశ్వర్, 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కింద నిలబడి, గ్రంథాలయమంతా వినపడేలా. "నేరం ఎక్కడుంటే అక్కడ నా నీడ ఉంటది. నా నీడ పడ్డదంటే నేరం ఇగ లేనట్టే."

పేపర్ చదువుకుంటున్న ముసలాయన ఒకాయన తలెత్తి, ఆ నీడను కాస్త పక్కకు జరపమన్నాడు. అక్షరాలు కనబడడం లేదట.

మల్లేశ్వర్ వృత్తి దుకాణాలకు సీసీ కెమెరాలు బిగించడం. ప్రవృత్తి అపరాధ పరిశోధన. ఇంతవరకు అతని చేతికొచ్చిన కేసుల్లోకెల్లా పెద్దది ఒక కిరాణా దుకాణంలో జరిగిన బెల్లం దొంగతనం. తాను బిగించిన కెమెరా గోడవైపు తిరిగి ఉండడం వల్ల, బెల్లం ఎత్తుకుపోయింది గోడ కాదని మాత్రం సాక్ష్యాధారాలతో తేల్చగలిగాడు. వికారాబాద్‌లోని ఈ చిన్న గ్రంథాలయానికి కెమెరా బిగించడానికని వచ్చి, ఆ తర్వాత రోజూ వస్తూనే ఉన్నాడు.

ఇన్‌చార్జి శ్యామల అతణ్ణి పొమ్మనలేదు, రమ్మనలేదు. ఆమెకు తన తిప్పలే చాలినన్ని ఉన్నాయి. కుల్కచర్ల దగ్గరి పల్లెలో వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. కూలి పనులకు పోయే తల్లిదండ్రులు తమ బిడ్డ పుస్తకాలకు ఆఫీసరని ఊరంతా చెప్పుకున్నారు. ఆ ఆఫీసరు ఇప్పుడు వెనక గదిలోని ప్రేమ నవలలన్నిటినీ సోమవారం నాడు చిత్తుకాగితాల బండికి ఎక్కించాలి. పోటీ పరీక్షల పుస్తకాలకు చోటు కావాలని గ్రంథాలయ కమిటీ తీర్మానం.

కమిటీ అధ్యక్షుడు బాల్‌రాజ్ తాండూరు మార్కెట్ యార్డులో రైతుల కందులు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉన్న పెద్దమనిషి. ప్రేమ నవలలు ఆడపిల్లల బుద్ధిని ఎలా పాడుచేస్తాయో ఆయన మొన్నటి మీటింగులో చాయ్ చల్లారిపోయేదాకా వివరించాడు. మిగతా ఇద్దరు సభ్యులు తలూపారు. ఆ గదిలోని పుస్తకం ఒక్కటి కూడా ముట్టుకోలేదని ముగ్గురూ గర్వంగా చెప్పుకున్నారు. చదవకుండా తీర్పు చెప్పగలగడం పెద్దరికానికి మొదటి అర్హత కదా.

అందులో మంచివి కూడా ఉన్నాయని శ్యామల లేచి చెప్పింది. బాల్‌రాజ్ ఆమె వంక కాసేపు చూసి, పరువున్న మనిషి ఒక్కరు కమిటీ ముందుకొచ్చి ఇవి చదవదగ్గవని చెబితే, ఒక బీరువాకు సరిపడా ఉంచుదామన్నాడు. "నీ మాట చాలదమ్మా. పెండ్లి గాని పిల్లవు," అని కూడా అన్నాడు.

మంచివి ఉన్నాయని ఊరికే అనలేదు ఆమె. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ గదిలో చదువుతూనే ఉంది. చాలావాటిలో కథానాయకుడు కారు దిగుతాడు. దిగి దవడ బిగిస్తాడు. ఆమె వద్దంటుంది, అతను చెయ్యి పట్టి గుంజుతాడు, దాన్ని రాసినవాళ్లు ప్రేమ అంటారు. సరిగ్గా అదే పని పరిగి బస్టాండులో చేసినవాణ్ణి శ్యామల పోలీసులకు పట్టించింది. ఇలాంటి చెత్త మధ్య ఉండి ఉండి ఒక నవల తగిలేది. అందులో మనుషులు మనుషుల్లాగే మాట్లాడుకునేవారు, ఇష్టాన్ని చెప్పలేక సతమతమయ్యేవారు, మూసేశాక కూడా వంటింట్లో మన పక్కనే నిలబడేవారు. అలా తగిలిన ప్రతి పుస్తకంలోనూ, లోపలి పేజీలో ఒక మూల, ఎర్ర పెన్సిల్‌తో గీసిన చిన్న నెలవంక, దాని కింద చుక్క ఉండేవి. చెత్త వాటిలో ఒక్కదానిలోనూ లేవు.

ఎవరో ఒక మంచి చదువరి ముందే నడిచిపోయిన దారి అది. ఆ మనిషి దొరికితే కమిటీ ముందు నిలబెట్టొచ్చు. ఈ నవలలన్నీ ఒకప్పుడు తాండూరులో మూతపడ్డ అద్దె పుస్తకాల షాపు నుంచి మొత్తంగా కొన్నవి కనుక, తాండూరు వెళ్లి అడుగుదామనుకుంది. ఆమె చేసిన పొరపాటు, ఆ మాట మల్లేశ్వర్ వింటుండగా పైకి అనడం.

"నెలవంక అంటే రాత్రి. చుక్క అంటే కలిసే జాగ. ఎరుపంటే రక్తం," అన్నాడతను పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని. "గిది ప్రేమ గాదు చెల్లె. ముఠా."

"అన్నా, నాకు ముఠా వద్దు. సోమారం మీటింగుల మాట్లాడే మనిషి గావాలె."

"దొరికినంక మాట్లాడిపిస్త. నా ముందు కూసుంటే ఎసొంటోడైనా కక్కుడే."

వేలిముద్రల కోసమని నవలలకు ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. దొరికిన ముద్రలన్నీ అతనివే. పుస్తకాలు దులపడానికి శ్యామలకు మధ్యాహ్నం దాకా పట్టింది.

శనివారం పొద్దున తాండూరు రైలెక్కారు. మల్లేశ్వర్ కంది రైతు వేషంలో వచ్చాడు. మడత నలగని కొత్త తువ్వాల, కొత్త ధోవతి, చెవిలో బ్లూటూత్. పక్కన కూర్చున్న అసలు రైతు ఎకరానికి ఎంత దిగుబడి వచ్చిందని అడిగితే, దర్యాప్తులో ఉన్న విషయాలు బయటపెట్టలేనన్నాడు.

అద్దె పుస్తకాల షాపు ఉన్న మడిగెలో ఇప్పుడు చెప్పుల దుకాణం నడుస్తోంది. పాత యజమాని ఇమ్మానుయేలు అక్కడే గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. శ్యామల నమస్కారం పెట్టేలోపే మల్లేశ్వర్ ముందుకు వంగి, కళ్లు చిన్నవి చేసి, "చంద్రుడు పొడిసిండా?" అని గుసగుసగా అడిగాడు.

ఇమ్మానుయేలు అతని కాళ్ల వంక చూశాడు. "పొద్దుగాల పొద్దుగాల చంద్రుడేంది నాయినా. నీకు ఏం సైజు గావాలె?"

శ్యామల పుస్తకం తీసి గుర్తు చూపించాక ముసలాయన ముఖం విప్పారింది. అద్దెకు తీసుకునే వాళ్లందరికీ ఒక అలవాటు ఉండేదని చెప్పుకొచ్చాడు. ప్రేమ నవలల పేర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి, అట్టల మీద జంటలూ అంతే. చదివిందాన్నే మళ్లీ ఇంటికి తీసుకుపోకుండా లోపల ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకునేవారు. ఒకావిడ పేజీ నంబరుకు సున్నా చుట్టేది, ఒకావిడ మూల మడిచేది. ఈ నెలవంక మనిషి మాత్రం అన్నిటి మీదా పెట్టేది కాదు, ఎందుకో తనకు తెలియదు. మనిషిని ఎన్నడూ చూడలేదు కూడా. మార్కెట్ యార్డు నుంచి ఎవరో ఒకరు వచ్చి నవలలు గోనెసంచిలో వేసుకుపోయేవారు. ఎవరికని అడిగితే సేటమ్మకు అనేవారు.

"ఆడ మనిషి," అన్నాడు మల్లేశ్వర్ బయటికొచ్చి. "ముఠాకు నాయకురాలు. గోనెసంచి అంటే స్మగ్లింగు."

యార్డు కందులతో నిండిపోయి ఉంది. వేలం పాటలు జరుగుతున్నాయి. కర్ణాటక వైపు నుంచి సరుకు తెచ్చిన రైతు ఒకాయన కన్నడంలో ధర ఎంత పలికిందని పలకరిస్తే, మల్లేశ్వర్ అది సంకేత భాష అని శ్యామల చెవిలో చెప్పాడు. చెవిలో ఎర్ర పెన్సిల్ పెట్టుకున్న వ్యాపారి ఒకతను కనబడగానే అతని వెంట పడ్డాడు. రెండడుగులు వేశాక ఇంకొకతను కనబడ్డాడు. ఆ యార్డులో వ్యాపారం చేసేవాళ్లందరి చెవుల్లోనూ ఎర్ర పెన్సిళ్లే ఉన్నాయి. ముఠా తాను అనుకున్నదానికన్నా పెద్దదని అతనికి అర్థమైంది.

సేటుల భార్యల గురించి ఎవర్ని అడగాలో, అడిగితే ఎవరు తంతారో తెలియక శ్యామల ఒక పక్కన నిలబడిపోయింది. సోమవారం బండి వస్తుంది. వీడితో వచ్చి ఒక రోజు పోగొట్టుకున్నాననుకుంది. ఆ సమయానికి మల్లేశ్వర్ ముఠా మొత్తాన్ని ఒక్క చూపులో పట్టడానికి బస్తాల గుట్ట ఎక్కుతున్నాడు. పైదాకా ఎక్కి, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, మహా ఠీవిగా ఒక మలుపు తిరిగాడు. ధోవతి తిరగలేదు.

ముందు తువ్వాల వచ్చింది. తర్వాత బస్తాలు వచ్చాయి. ఆఖరున పరిశోధకుడు వచ్చాడు. ఒక బస్తా దొర్లుకుంటూ వచ్చి శ్యామల కాళ్ల దగ్గర ఆగింది. దాని మీద ఎర్ర రంగుతో నెలవంక, కింద చుక్క. అదే వంపు, అదే వాలు.

హమాలీ బిచ్చయ్య పరుగెత్తుకొచ్చి మల్లేశ్వర్‌ను, అతణ్ణి కన్నవాళ్లను, ధోవతి కట్టడం నేర్పనివాళ్లను కలిపి తిట్టాడు. ఊపిరి తీసుకోవడానికి అతను ఆగినప్పుడు శ్యామల ఆ గుర్తు ఏమిటని అడిగింది.

"తడి సరుకమ్మా. చెయ్యి వెడితె చెమ్మ తగిలిన బస్తాకు మా సేటు గట్ల గీస్తడు. దాన్ని ఏరే పెడ్తం."

"ఏ సేటు?"

బిచ్చయ్య గడ్డంతో చూపించాడు. గొడవేమిటో చూడ్డానికి అడ్తి దుకాణంలోంచి బాల్‌రాజ్ దిగి వస్తున్నాడు.

"కదలకు చెల్లె, నేరస్థుడు మన చుట్టుపక్కలనే ఉన్నడు," అంటూ మల్లేశ్వర్, తనను లేపడానికి బాల్‌రాజ్ అందించిన చెయ్యి పట్టుకుని లేచాడు. మడమ బెణికింది. బిచ్చయ్య అతణ్ణి నీడకు నడిపించుకుపోయాడు, తిట్లు కొనసాగిస్తూనే.

శ్యామల దుకాణంలోకి వెళ్లి, సంచిలోని నవల తీసి, ఆ పేజీ తెరిచి బాల్‌రాజ్ ముందు పెట్టింది. ఆయన దాన్ని చూశాడు. గుమాస్తాను చాయ్ తెమ్మని పంపాడు.

"గిది మా ఇంటామె పద్మమ్మ పెట్టిన గుర్తు."

"అమ్మగారు బస్తాల మీద గూడ గీస్తరా సార్?"

బాల్‌రాజ్ పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. ఏదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు.

"గీడ ఆ పిలగాడు ఆమె కుట్టుమిషను బెల్టు ఏస్తడు సూడు. ఆమె లేచి చాయ్ పెట్టుకొస్తది. ఇద్దరు ఒక్క మాట మాట్లాడరు. ఇంటికి వొయ్యేటప్పుడు రైల్ల సదివిన. వికారాబాద్ల దిగుడు మర్సిపోయి శంకర్‌పల్లి దాక పోయిన. పద్మమ్మకు టీవీ ఉంటె సాలు. ఆమె పేరు మీద తెప్పిస్తుంటి. కండ్లకు తడి తగిల్నకాడ ఆ గుర్తే గీసింది చెయ్యి, అలవాటు."

"మరి తీసెయ్యిమని మీరే అంటిరి."

"నేను సదివిన అని చెప్తె రేపు యార్డుల నా మాట ఎవడింటడమ్మా?"

శ్యామలకు మాట తిప్పి చెప్పడం రాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే వచ్చు. "పరువున్న మనిషి రావాలె అన్నరు. నాకు దొరికింది మీరే. మీరు నోరు తెర్వకుంటె సోమారం బండొస్తది. కుట్టుమిషను పుస్తకం గూడ అండ్లనే పోతది."

"గదిగూడనా?" అన్నాడు బాల్‌రాజ్. అది అంతదాకా తట్టనట్టుంది.

సోమవారం మీటింగులో ఆయన మొదట ప్రేమ నవలలను మళ్లీ ఒకసారి ఖండించాడు. ఆ తర్వాత, అధ్యక్షుడిగా తన బాధ్యత కనుక ఏళ్ల తరబడి ఎంతో కష్టానికి ఓర్చి తనిఖీ చేశానన్నాడు. ఒక సభ్యుడు తనిఖీ అంటే ఏమిటని నిలదీశాడు. బాల్‌రాజ్ శ్యామల వైపు చూశాడు. ఆమె బీరువా తాళం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"సదివిన," అన్నాడు. "ఏడ్సిన గూడ. ఉంచుదం."

రెండో సభ్యుడు, రిటైరైన హెడ్‌మాస్టరు, కుట్టుమిషను నవలలో ఆఖరుకు ఆమె ఊరు విడిచిపోదు కదా అని మెల్లిగా అడిగాడు. ఆయన సగం చదివేసరికి ఇంట్లోవాళ్లు తిరిగిచ్చేశారట. ఇన్నేళ్లుగా ఆ చింత ఉండిపోయింది.

తీర్మానం ఏకగ్రీవం. ఒకే ఒక్క షరతు పెట్టారు. ఆ బీరువాకు 'వ్యవసాయం' అని బోర్డు ఉండాలి, పెద్దమనుషులు దాని ముందు నిలబడితే బాగుండాలి కదా.

"ఆడోళ్లు బాజాప్త అడిగి తీస్కపోతరు సార్. సిగ్గంత మీకే ఉంది," అంది శ్యామల. అని, బోర్డు రాసింది.

మల్లేశ్వర్ కుంటుతూ వచ్చి, బస్తాల మీంచి పడడం తన వ్యూహమని, గుట్ట కింద ఆధారం ఉందని ముందే పసిగట్టానని పేపర్ చదివే ముసలాయనకు చెబుతున్నాడు. ఈలోగా కమిటీ సభ్యులు తనిఖీ నిమిత్తం తలా ఒక సంచి నింపుకున్నారు. కబురు ఎలా పాకిందో, మధ్యాహ్నానికి వికారాబాద్‌లోని పెద్దమనుషులకు వ్యవసాయం మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. సాయంత్రానికి బీరువా ఖాళీ. కుట్టుమిషను నవలను బాల్‌రాజ్, హెడ్‌మాస్టరు చెరో అంచు పట్టుకుని గుంజుకుంటూ గేటు దాటారు.

అంత కష్టపడి బతికించుకున్న పుస్తకాల్లో శ్యామల చదువుకోవడానికి ఒక్కటి కూడా మిగల్లేదు. అడుగు అరలో, నిజంగానే వ్యవసాయానికి సంబంధించిన చిన్న పుస్తకం ఒకటి కనబడింది. కందిలో కాయతొలిచే పురుగు గురించి. బల్ల ముందు కూర్చుని అదే తెరిచింది. ఆ పురుగు ఒక్కసారి కాయను ఎంచుకుందంటే, కడుపు నిండేదాకా దాన్ని వదిలి ఎటూ పోదట. కారు దిగదు, దవడ బిగించదు. ఫరవాలేదు, బాగానే రాశారనుకుని శ్యామల పేజీ తిప్పింది.