గురువుగారి కాళ్ళు

మానవ శరీరంలో నాగరికత చేతిలో నిలువునా మోసపోయిన అవయవం ఎడమకాలు. బంతి తన్నే గౌరవం కుడికాలిది, బండి కిక్కు కొట్టే హక్కు కుడికాలిది. ఈ చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దడానికే గేర్ల కారులో క్లచ్ అనే శాఖను ప్రత్యేకంగా ఎడమకాలికి కేటాయించారు. కాకపోతే అన్ని శాఖల్లో జరిగేదే అక్కడా జరిగింది. పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది.

ఈ రహస్యం నాకు మా అక్క మూలంగా తెలిసింది. అక్క నర్సు. ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. (కాంట్రాక్టు అంటే, ‘నేను మీకు ఇంకా అవసరమేనా?’ అని ఏటా దరఖాస్తు పెట్టుకుని అడగడం.) ఈ ఏడాది ఒక పర్మనెంటు పోస్టు పడింది. బస్సు వెళ్ళని ఊళ్ళకు కారు నడుపుకుంటూ వెళ్ళి టీకాలు వేసి రావాలి. ఎంపిక జాబితాలో మొదటి పేరు అక్కదే. అయితే వచ్చే నెలాఖరులోగా డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి, లేదంటే పోస్టు రెండో పేరుకు వెళ్ళిపోతుంది. ఆ రెండో పేరు అక్క వార్డులోనే పనిచేసే ఇంకో నర్సమ్మది. సర్వీసులో అక్క కంటే ఏడేళ్ళు చిన్న.

పరీక్షను గుర్తింపు పొందిన డ్రైవింగ్ స్కూలు కారులోనే ఇవ్వాలని రూలు. కాబట్టి ఇద్దరూ ఒకే స్కూల్లో చేరారు. అక్కడి గురువుగారికి ఇరవై రెండేళ్ళ అనుభవం. ఆయన సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి, ప్రమాదాలు జరగకుండా. ఇరవై రెండేళ్ళలో ఒక్క ప్రమాదమూ జరగలేదు. ఎందుకంటే ఇరవై రెండేళ్ళలో ఆ కారును ఆయన తప్ప ఎవరూ నడపలేదు.

“ఒరేయ్, మొదటిరోజే మూడో గేరు వేశాను. కారు ఒక్కసారైనా ఆగలేదు తెలుసా!” అని అక్క మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. పదోరోజు నా పాత కారు ఎక్కించాను. అది రెండు గెంతులు గెంతి, దగ్గి, ప్రాణం విడిచింది. ఇంకోసారి తిప్పితే ఇంకోసారి విడిచింది. వెనకసీట్లో అక్క అత్తగారు ఉన్నారు. ఒకప్పుడు ముప్పై ఏళ్ళపాటు లాండ్రీ వ్యాను నడిపిన మనిషి. ఆవిడ జారిన కళ్ళజోడు సర్దుకుని అడిగింది.

“ఇన్నాళ్ళూ క్లచ్ నీ కాలితోనే తొక్కావుటే?”

అక్క వంగి తన ఎడమకాలి కేసి చూసుకుంది. “నేను తొక్కేలోపే అది కిందికి వెళ్ళిపోయేది అత్తయ్యా. మంచి కారు కదా అనుకున్నాను.”

మర్నాడు అక్క గురువుగారిని నిలదీసింది. ఆయన నొచ్చుకోలేదు.

“మీరు స్టీరింగ్ చూసుకోండమ్మా, కింది సంగతులు నాకొదిలెయ్యండి. ఎంతమంది డాక్టర్లు, లాయర్లు నా కాళ్ళ మీద పాసయ్యారనుకున్నారు?”

ఇక లాభం లేదని అత్తగారే పూనుకున్నారు. మూడు ఆదివారాలు, మధ్యాహ్నం పూట, మూసి ఉన్న కూరగాయల మార్కెట్ యార్డులో నా కారు శీలపరీక్షకు గురైంది. “కాలితో కాదే, చెవితో వదలాలి క్లచ్. ఇంజను గొంతు మారుతుంది చూడు, అక్కడ ఆగు!” అని ఆవిడ అరుపు. అక్క ఏడ్చింది, నన్ను తిట్టింది, నా కారును తిట్టింది. మూడో ఆదివారం సాయంత్రానికి గొంతు వినడం నేర్చుకుంది.

పరీక్షరోజు రానే వచ్చింది. పరీక్షాధికారి వెనకసీట్లో కూర్చుంటాడు. ఆయన చూసేది రోడ్డు కాదు, గురువుగారి మోకాళ్ళు. (ఫారంలో తొమ్మిదో గడి ‘శిక్షణసంస్థ సహకారం’. మోకాళ్ళు కదిలితే సహకారం ఉన్నట్టు. అభ్యర్థి కాళ్ళకు గడి లేదు.) చిన్న నర్సమ్మ స్టీరింగ్ పట్టుకుని, నాలుగు నిమిషాల్లో పాసై, చున్నీ సర్దుకుంటూ దిగింది.

అక్క ఎక్కుతూనే, “గురువుగారూ, కాస్త కాళ్ళు పైకి పెట్టుకోండి” అంది. ఆయన అవమానం దిగమింగి సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. అక్క కారును పరీక్ష మైదానంలోని ఎత్తు మీద సగంలో ఆపింది, చెవి ఒగ్గింది, వదిలింది. కారు వేలెడంత కూడా వెనక్కి జారకుండా పైకి వెళ్ళింది. గేటు బయట నిలబడి చూస్తున్న నాకు గర్వంతో కళ్ళు చెమర్చాయి. సిగ్గుపడటం లేదు, రాస్తున్నాను.

అధికారి ‘ఫెయిల్’ అని రాశాడు.

“కారు బాగానే నడిచింది కదండీ?” అని అడిగింది అక్క.

“నడిచిందమ్మా. ఎవరు నడిపారు?”

“నేనే.”

“కారణం దగ్గర అదే రాశాను.”

మళ్ళీ పరీక్ష రెండు నెలల తర్వాత. పోస్టు చిన్న నర్సమ్మకు వెళ్ళింది. చేరిన రోజున ఆవిడ టీకాల పెట్టెతో బయల్దేరి, ఆసుపత్రి గేటు దగ్గర రెండు గెంతులు గెంతి ఆగిపోయింది. మూడు రోజులు అదే గేటు, అవే గెంతులు. అవతల ఊళ్ళల్లో తల్లులు పిల్లల్ని చంకనేసుకుని సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళిపోయారు. వాళ్ళను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆసుపత్రి ముగ్గురితో కమిటీ వేసింది. జరిగిన దాంట్లో ఏ లోపమూ లేదని కమిటీ తేల్చింది. లెర్నర్స్ లైసెన్సు ఉన్నవాళ్ళు, పూర్తి లైసెన్సు ఉన్నవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని కారు నడపవచ్చని చట్టంలోనే ఉంది. కాబట్టి పర్మనెంటు నర్సుకు సహాయకురాలిగా, అదే కాంట్రాక్టు మీద, మా అక్కను వేశారు. కారుకు ముందొకటి వెనకొకటి ఎర్రటి ‘ఎల్’ అక్షరాలు అంటించారు.

ఇప్పుడు పిల్లలందరికీ టీకాలు వేళకు పడుతున్నాయి. దారిలో పెద్ద ఎత్తు ఒకటి ఉందిట. అక్క అక్కడ ఆపి, చెవి ఒగ్గి, క్లచ్ వదిలినప్పుడల్లా పక్కసీట్లోంచి చిన్న నర్సమ్మ అంటుందిట, “బాగా నేర్చుకుంటున్నావక్కా. భయపడకు, నేనున్నాను.”