అరుణకేతు చెడిన కారణం, ఒక్క మాటలో

‘ఏడు సూర్యుల పోరు’ సినిమా ఏడు భాగాలనూ ఏడేసి సార్లు చూసి, అందులో అరుణకేతు మంచివాడు కాస్తా చెడ్డవాడైన క్షణాన్ని కళ్లారా పట్టుకున్న మనిషి నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ ఒక్కడే ఉన్నాడు. ఆయనే ఈ కథకుడు. కాబట్టి ఇందులోని ప్రతి అక్షరాన్నీ రిజిస్టరు దస్తావేజులా నమ్మవచ్చు. నమ్మనివారు నిర్ణీత నమూనాలో, మూడు ప్రతులలో, అభ్యంతరం దాఖలు చేసుకోవచ్చు.

తెలియనివారికి నాలుగు ముక్కలు. అరుణకేతు ఆకాశంలో ఏడుగురు సూర్యులకు కాపలాదారు. మొదటి భాగంలో పసిపిల్లలను కూడా ‘మీరు’ అని పలకరించేంత మంచివాడు. రెండో భాగం సగానికి వచ్చేసరికి ఒక సూర్యుణ్ణి ఆర్పేస్తాడు. అక్కడినుంచి వాడి పేరు అంధకేతు. ఐదో భాగంలో చస్తాడు, ఆరో భాగంలో (నిర్మాత కోరికపై) లేస్తాడు. ఇలాంటివాడు ఎందుకు చెడ్డాడన్నది మిగతా లోకంలో టీకొట్టు దగ్గర తేల్చుకునే విషయం. నంద్యాలలో దానికి పది మార్కులు.

ఆ పది మార్కుల ప్రశ్న వచ్చింది డిగ్రీ చివరి ఏడాది ‘సినిమా రసాస్వాదన’ పేపర్లో. ఆళ్లగడ్డ నుంచి వచ్చి చదువుకునే వందన దానికి నాలుగు పేజీల జవాబు రాసింది. ఒక మార్కు వచ్చింది, అదీ దస్తూరికి. మొత్తం ముప్పై మూడు. పాసు ముప్పై అయిదు. ఈలోగా బెలుం గుహల దగ్గర ఆమెకు గైడు ఉద్యోగం కుదిరింది. సోమవారం ఉదయం తొమ్మిదికి పాసైన కాగితం చూపితే ఉద్యోగం ఆమెది, చూపకపోతే వరుసలో తర్వాతి మనిషిది. ఆ రోజు శుక్రవారం.

పునఃపరిశీలన దరఖాస్తును పరీక్షల యాప్‌లోంచి దించుకోగా, దాని వెనక చీమతలకాయంత అక్షరాలతో పద్నాలుగో నిబంధన కనబడింది: ‘అభ్యర్థి వ్యాఖ్యానమే వివాదంలో ఉన్నందున అభ్యర్థి నోరు విప్పరాదు. తల్లి గాని తండ్రి గాని స్వయముగా హాజరై, విలన్ చెడిన కారణమును వ్యాఖ్యానించవలెను.’

తండ్రి మత్తయికి సినిమాల అలవాటు లేదు. ముప్పై ఏళ్లుగా ఆళ్లగడ్డ శిల్పశాలలో రాళ్లు ఎంచడం ఆయన పని. విగ్రహానికి రాయి వస్తే ముందు ఆయనే సుత్తితో తట్టి, చెవి ఆనించి, పనికొస్తుందో లేదో చెప్పాలి. ఆ అలవాటు పనితో ఆగలేదు. పుచ్చకాయను తడతాడు, గోడను తడతాడు. ఒకసారి పెండ్లిచూపులకు వచ్చిన వరుణ్ణి వీపు మీద తట్టి, ‘లోపల డొల్ల, వద్దు’ అనేశాడు. (ఆ వరుడు ఇప్పుడు వార్డు మెంబరు.)

ఆళ్లగడ్డలో బస్సెక్కింది మొదలు వందన ఏడు భాగాలూ తండ్రికి నూరిపోసింది. ఆయన కళ్లు మూసుకుని, ముందు సీటు కడ్డీని వేలితో తడుతూ విన్నాడు.

(ఇక్కడ చిన్న సవరణ. ఈ కథకుడు కూడా ఆ సినిమా చూడలేదు. అదే బస్సులో, వాళ్ల వెనక సీటులో కూర్చుని విన్నాడు. శిరివెళ్ల దగ్గర, మూడో భాగంలో, కునుకు కూడా పట్టింది. అయినా నిలబడి విన్నవాడి సాక్ష్యం కన్నా కూర్చుని విన్నవాడి సాక్ష్యం బలమైనదే.)

నంద్యాలలో ఆ కార్యాలయం పేరు ‘పతన కారణ పునఃపరిశీలన విభాగం’. కిటికీ దగ్గర గుమాస్తా అన్నపూర్ణమ్మ కూర్చుని ఉంది. దరఖాస్తును అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏమప్పా, నడవడిక సర్టిఫికెట్టు యాడ?”

“నాదా అమ్మా?”

“నీదెందుకు? అరుణకేతుది. చెడకముందు మంచోడే అని, ఆయప్ప పుట్టిన గ్రహం నుంచి కాగితం తేవాల. లేకుంటే మొదటినుంచీ చెడ్డోడే అని రాసుకుంటాం. మొదటినుంచీ చెడ్డోడైతే ఇంక చెడేదానికేముండాది?”

“ఆయప్ప సినిమాలో మనిషి కదమ్మా.”

“సినిమా మనుషులకు గులాబీరంగు ఫారం వేరే ఉండాది. అది అయిపోయి రెండేండ్లయింది. అందుకే అందరికీ ఇదే ఇస్తాండాం.” ఆమె వేలు కిందికి జరిగింది. “ఇంతకీ బతికుండాడా, పోయినాడా?”

“అయిదో భాగంలో పోయినాడంట. ఆరో భాగంలో లేసినాడంట.”

“అట్లయితే చావు సర్టిఫికెట్టు ఒకటి, బతికుండాడని ఇంకొకటి. రెండిట్లోనూ ఒకే తేదీ ఉండగూడదు.”

వందన పళ్లు కొరికింది. “నాయనా, నాకు గుడక ఒక సూర్యుణ్ణి ఆర్పబుద్ధయితాంది.”

“గమ్మునుండు పాపా. ఈడ ఉండేది ఒక్క ఫ్యాను. అది ఆర్పితే ఉక్కపోసేది మనకే.”

అన్నపూర్ణమ్మ నవ్వబోయి, కార్యాలయ వేళలని గుర్తొచ్చి మానుకుంది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “కాగితాలు తర్వాత తెద్దువులే. బేగా లోపలికి పోండి. సోమవారమంటాండారు కదా.”

లోపల సూపరింటెండెంటు శ్రీహరి గారు. చెడినవాళ్ల విషయంలో ఆయన మాటకు తిరుగు లేదు. నిరుడు ఒక పౌరాణిక రాక్షసుణ్ణి హాజరు చాలలేదని మంచివాడిగా తేల్చారు. ఆయన తలెత్తకుండానే అడిగారు.

“చెప్పప్పా, ఎందుకు చెడినాడు? ఒక్క మాటలో.”

“ఒక్క మాటలో అయ్యేదుంటే మా పాప నాలుగు పేజీలు ఎందుకు రాస్తాది సార్?”

“జవాబుల కీలో ‘అహంకారం’ అని ఉంది. గడి అంతే ఉంది. అంతకంటే పెద్ద కారణం అందులో పట్టదు.”

మత్తయి ఆయన మేజాను ఒకసారి తట్టాడు. చెవి పెట్టాడు. తర్వాత మొదలుపెట్టాడు.

“సార్, మా కాడికి రాయి వస్తే ముందు తట్టి చూస్తాం. మంచి రాయి గంట మాదిరి పలుకుతాది. లోపల నెర్రె ఉండే రాయి బొంగురుపోతాది. చెప్పకుండా పగిలే రాయి నేను ముప్పై ఏండ్లలో చూడలా. ఈయప్పకు ఏడు సూర్యులు ఇచ్చినారు, కాపలా కాయమన్నారు. ఆయప్ప తల్లి ఉండే గ్రహంలో మాత్రం పొద్దుటి పూట చీకటే. ఒక్క గంట వెలుగు ఎక్కువ ఇప్పించండి సామీ అని తొమ్మిదేండ్లు ఆ పెద్దల సభ చుట్టూ తిరిగినాడంట. రేపు రా అన్నారంట. పోతే, మళ్లా రేపు. తొమ్మిదేండ్లు బొంగురు గొంతుతో పలుకుతానే ఉండాడు, ఒక్కడూ చెవి పెట్టలా. ఆఖరికి తల్లి ఆ చీకట్లోనే పోయింది. అప్పుడు ఊదేసినాడు ఒక సూర్యుణ్ణి. కోపంతో కాదంట సార్, మా పాప రాసింది. ఆర్పితేనన్నా ఎవురన్నా వస్తారేమో చూద్దామని.”

“వచ్చినారా?”

“వచ్చినారు సార్. పట్టుకునేదానికి.”



“ఇదంతా సినిమాలో యాడుంది?” అన్నారు శ్రీహరి గారు. “కీ తయారుచేసేదానికి ఏడుగురం కమిటీగా పోయి చూసినాం. మాకు కనపడలేదే?”

గుమ్మం దగ్గరినుంచి అన్నపూర్ణమ్మ గొంతు వచ్చింది. “సార్, అది ఇంటర్వెల్ అయినంక మొదటి పన్నెండు నిమిషాల్లో ఉండాది. మీరు బజ్జీల కాడ ఉంటిరి.”

జరిగింది ఇది. ఇంటర్వెల్‌లో శ్రీహరి గారు మిరపకాయ బజ్జీలకు లేచారు. అధికారి నిలబడి ఉండగా కిందివారు కూర్చోరాదన్న నిబంధన ప్రకారం మిగతా ఆరుగురూ లేచి వెంట నడిచారు. బజ్జీల దగ్గర వరుస పెద్దది, పైగా రెండో వాయి. కమిటీ తిరిగి వచ్చేసరికి ఒక సూర్యుడు తక్కువగా ఉన్నాడు, అరుణకేతు నల్లబట్టల్లో ఉన్నాడు. ‘కారణం తెలియలేదు’ అని రాస్తే విచారణ పడుతుంది. కనుక ఏకగ్రీవంగా ‘అహంకారం’ అని రాశారు. సంచులకు కాపలాగా సీట్లలో మిగిలిపోయిన అన్నపూర్ణమ్మ ఆ పన్నెండు నిమిషాలూ చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది కూడా. కానీ ఆమె కమిటీ సభ్యురాలు కాదు. సభ్యులు కానివారు చూసినది చూసినట్టు లెక్కకు రాదు.

“ఎన్ని బజ్జీలు తింటిరి సార్?” అని మత్తయి అడిగాడు, పరామర్శగా.

శ్రీహరి గారు కళ్లద్దాలు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. కార్యాలయ చరిత్రలో తొలిసారిగా ఒక జవాబుపత్రాన్ని మొదటి అక్షరం నుంచి చదివారు. నాలుగు పేజీలూ అయ్యాక, గడిలోని ‘అహంకారం’ కొట్టేసి, గడి దాటి పక్కకు, పైకి, అంచుల మీదికి పోతూ ఏదో రాశారు. పదికి తొమ్మిది వేశారు. ముద్ర గుద్దారు. “సోమవారం లేటు చేయకు తల్లీ,” అన్నారు.

సోమవారం తొమ్మిదికి అయిదు నిమిషాల ముందే వందన బెలుంలో కాగితం చూపింది. పదిన్నరకల్లా మొదటి గుంపును గుహలోకి దించింది.

ఎంత కోతలరాయుడైనా అబద్ధం మీద కథ ముగించరాదు కాబట్టి ఒక మాట. గులాబీరంగు ఫారం మాట నిజం. బజ్జీలు ఉన్నాయి. అన్నపూర్ణమ్మ చూసి, చెప్పిన మాటా ఉంది. మత్తయి ఆ గదిలో నిలబడి రాయి సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పుకున్నదీ నిజమే. ఈ కథకుడు కల్పించింది ఒక్కటే, ఆ తొమ్మిది మార్కులూ బెలుం ఉద్యోగమూ దాని వెంట వచ్చినవే: అప్పుడు శ్రీహరి గారు సీటులో ఉన్నారన్నది.