అప్పాజీ గారి శ్రద్ధాంజలి ఫైలు

ఆ ఉదయం సుకుమార్ పెట్టుకున్న పని ఒక్కటే. పదిన్నరకి అప్పాజీ గారు వచ్చేలోగా కంప్యూటర్లోంచి ఒక ఫైలు తీసిపారేయాలి. అరనిమిషం పని. అందుకని తీరిగ్గా పెసరట్టు తిని, తొమ్మిదిన్నరకి మండపేటలోని తన ఫ్లెక్సీల షాపు తెరిచాడు. "అప్పాజీ గారిది ప్రింట్ కొట్టేయండి," అని షాపులో పనిచేసే తబితకి చెప్పాడు. ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి మిషన్ వేసింది.

తీసేయాల్సింది కూడా అప్పాజీ గారి ఫ్లెక్సీయే, కాకపోతే శ్రద్ధాంజలిది. పోయిన నెల ఆయన కాకినాడ ఆసుపత్రిలో ఉండగా, అల్లుడు లోకనాథ్ ఫోన్ చేసి మరీ చేయించాడు, అప్పటికప్పుడు హడావిడి ఎందుకని. తీరా పెద్దాయన లేచి నడుచుకుంటూ ఇంటికొచ్చేశారు. ఇప్పుడు డెబ్భై అయిదో పుట్టినరోజు ఫ్లెక్సీ చూసుకోవడానికి స్వయంగా వస్తున్నారు. షాపు ఉన్నది ఆయన మేడ కిందే. ఈ ఫైలు ఆయన కంట పడితే సాయంత్రానికి సుకుమార్ సామాను రోడ్డు మీద ఉంటుంది.

డిలీట్ కొట్టాడు. ఫైలు వాడుకలో ఉంది, తీయడం కుదరదంది కంప్యూటరు. పేరు మారుద్దామంటే మారదు, ఇంకో ఫోల్డర్లో దాచేద్దామంటే కదలదు. కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడు గంగాధర్‌కి ఫోన్ చేశాడు.

"ఎవరో దాన్ని ఓపెన్ చేసి ఉంచార్రా. రీస్టార్ట్ చెయ్యి."

చేశాడు. పోలేదు.

"ఇంకోసారి చెయ్యి."

చేశాడు. పోలేదు.

"షాపులో ఇంకెవరున్నారు?"

"తబిత గారు. ఆవిడ పుట్టినరోజుది ప్రింట్ కొట్టుకుంటున్నారు, పాపం. ఆయనా పోలేదు, ఆయన ఫైలూ పోవట్లేదు! నా పని అయిపోయిందిరా గంగాధర్!"

సుకుమార్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. అంతలో గుమ్మంలో అప్పాజీ గారి చేతికర్ర చప్పుడైంది.

"ఏంటి సుకుమారూ, ఎవరు పోలేదంటున్నావ్?"

"ఆయ్, ఎవరూ పోలేదండి. కూర్చోండి," అంటూ స్క్రీనుకి అడ్డంగా నిలబడ్డాడు.

అప్పుడే వెనక గది తలుపు తెరుచుకుంది. "సుకుమార్ గారూ, మీరు కంప్యూటర్ ఆపినప్పుడల్లా నా ప్రింట్ సగంలో ఆగిపోతోందండి! మళ్ళీ మొదటినుంచీ కొట్టాల్సి వచ్చింది. మూడోది మాత్రం పూర్తిగా వచ్చింది," అంటూ తబిత పన్నెండడుగుల ఫ్లెక్సీని నేలమీద పరిచేసింది. పూలదండ, రెండు దీపాలు, మధ్యలో నవ్వుతున్న అప్పాజీ గారు. ఇంతసేపూ ఫైలుని పట్టుకుని కూర్చున్నదెవరో సుకుమార్‌కి అప్పటికి అర్థమైంది.

కుర్చీలోని పెద్దమనిషిని చూసి తబిత నోరు నొక్కుకుంది.

అప్పాజీ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. పై నుంచి కింది దాకా చదివారు. సుకుమార్ మనసులో సామాను సర్దడం మొదలుపెట్టాడు.

"లోకనాథ్ ఫోటో నాకంటే పెద్దదిగా ఉందేంటయ్యా?"

"ఆయనే అలా పెట్టమన్నారండి."

"పోయింది నేనా, వాడా?"

"మీరేనండి. అంటే... ఎవరూ కాదండి. ఆ ఫైలు పొద్దుట్నుంచీ తీసేద్దామనే చూస్తున్నానండి, పోవట్లేదు."

"తీసేస్తే ఊరుకోను. ఇలాంటివి మనిషి ఉన్నప్పుడే దగ్గరుండి చూసుకోవాలి. ముందు వాడి ఫోటో పీకెయ్. నాది మన మిల్లు ముందు తీయించుకున్న ఫోటో పెట్టు. తేదీ ఖాళీగా ఉంచి, ఎవరూ ముట్టుకోకుండా తాళం వెయ్యి."

మధ్యాహ్నం దాకా ఆయన పక్కనే కూర్చుని దిద్దించారు. పుట్టినరోజు ఫ్లెక్సీ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.