ఇస్త్రీకి వెళ్ళిన నీడ

ఆ ఆదివారం బుడంకాయ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే లేవాలి, స్నానం చేయాలి, రెండు జడలు వేసుకోవాలి, ఇస్త్రీ గదికి వెళ్ళి నీడ తెచ్చుకుని తగిలించుకోవాలి, పది కొట్టేసరికి గేటు దగ్గర అందరికంటే ముందు నిలబడాలి. బడిలో చేరి మూడు నెలలైంది. చేరాక అమ్మమ్మ చూడటానికి రావడం ఇదే మొదటిసారి. ఇవాళ తప్పితే మళ్ళీ మూడు నెలల దాకా లేదు. ఏమేం చెప్పాలో వారం నుంచీ లెక్కపెట్టుకుంటే నలభై ఒక్క సంగతులు తేలాయి. బుడంకాయకి అసలు పేరు ఒకటి హాజరుపట్టీలో ఉంది గానీ పిలిచే నాథుడు లేడు. తొమ్మిదేళ్ళొచ్చినా కిటికీ గడియ అందదని అమ్మమ్మ బుడంకాయ అని పెట్టిన పేరు ఆమెకంటే ముందే బడికి చేరింది.

అమ్మమ్మ నోరు తెరిస్తే నాలుగు వీధులు సర్దుకుంటాయి. విచిత్రమేమిటంటే ఆమె నీడ మాత్రం వట్టి పిరికిది. ఎక్కడో కుక్క మొరిగితే చాలు, వచ్చి ఆమె వెనక నక్కుతుంది. "దీంతో చచ్చేచావుగా ఉంది," అని అమ్మమ్మ దాన్ని రోజూ కసురుతూనే ఉంటుంది. నీడలు అలా ఎందుకుంటాయని బుడంకాయ ఎప్పుడూ అడగలేదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నది వింతగా ఉండదు కదా.

ఇక ఆ బడి సంగతి. ఒకప్పుడు అమ్మమ్మ చదివిన బడే అది. బయటి నుంచి చూస్తే అన్ని హాస్టలు బళ్ళలాగే ఉంటుంది: మూడంతస్తులు, పొడుగాటి వరండాలు, పెచ్చులూడిన గోడలు. లోపలి పద్ధతులే వేరు. మెట్లు ఆరు రోజులు పనిచేసి ఆదివారం నాడు చదునుగా పడుకుంటాయి. పిల్లలు జారుతూ దిగాల్సిందే. శనివారం సాయంత్రం అందరూ తమ తమ నీడలు విప్పి ఉతుక్కి వేయాలి. పిల్లల నీడలు వారమంతా సిరాలోనూ బురదలోనూ దొర్లి ఉంటాయి మరి. ఇస్త్రీ తాత వాటిని ఉతికి, ఆరేసి, తెల్లారి మడతపెట్టి ఇస్తాడు. మడమల దగ్గర రెండు బొత్తాలు పెట్టుకుంటే సరిపోతుంది. అయితే నీడ లేని పిల్లల్ని మాత్రం బయటివాళ్ళకి చూపించకూడదని గట్టి నియమం. చూసినవాళ్ళు బడిలో తిండి సరిగా పెట్టడం లేదనుకుంటారట.

జడలు మూడుసార్లు విప్పి మూడుసార్లు వేసుకుని బుడంకాయ ఇస్త్రీ గదికి చేరేసరికి తొమ్మిది దాటింది. గదిలో రెండే నీడలు మిగిలాయి. ఒకటి బల్ల మీద నీటుగా మడతపెట్టి ఉంది. రెండోది దండెం మీద నీళ్ళు కారుతోంది. ఆ కారేది తనదే.

"నిన్న అందరికంటే ఆఖర్న తెచ్చావు. పైగా దాన్నిండా తారు. మూడు ఉతుకులు పడింది. మధ్యాహ్నానికి గానీ ఆరదమ్మా," అన్నాడు తాత.

"పదకొండుకి గేటు వేసేస్తారు తాతా. మా అమ్మమ్మ వెళ్ళిపోతుంది."

తాతకి జాలేసింది. కానీ జాలికి నీడలు ఆరవు. టీ తాగొచ్చి ఏదో ఒకటి చూద్దాంలే అని, ఈలోగా ఇస్త్రీపెట్టె మాత్రం ముట్టుకోవద్దని మరీమరీ చెప్పి వెళ్ళాడు. ఆయన అలా చెప్పకపోయి ఉంటే బుడంకాయకి ఇస్త్రీపెట్టె సంగతి తోచేదే కాదు.

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఆ తరువాతి అరనిమిషంలో ఆమెకి తెలిసొచ్చింది. దండెం మీది తడి నీడని బల్ల మీద పరిచి పెట్టె ఆనించగానే అది సుయ్యిమంది, గదినిండా ఆవిరి కమ్మింది, ఆవిరి తగ్గాక చూస్తే నీడ జానెడైంది. కాళ్ళూ చేతులూ రెండు జడలూ అన్నీ ఉన్నాయి, కాకపోతే జానెడులో ఉన్నాయి. అంతటితో ఆగక అది బల్ల మీద లేచి నిలబడి ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు కాబట్టి బుడంకాయ పక్కనున్న రెండో నీడని పట్టుకుంది. మడతలో ఉంటే నీడలన్నీ ఒకటే నలుపు. ఎవరిదైనా ఒక్క గంట అరువు తీసుకుంటే కొంప మునగదని బొత్తాలు పెట్టేసుకుని ఎండలోకి వచ్చింది. నీడ ఒక్కో మడతా విప్పుకుంటూ సాగింది, ఇంకా సాగింది. నెత్తి మీద పెద్ద ముడి. నడుం మీద ఎడమ చెయ్యి. పైకెత్తిన కుడి చూపుడువేలు. అది పెద్దమేడం నీడ.

పెద్దమేడం ఎవరినైనా గట్టిగా కోప్పడిన దాఖలా లేదు. ఆ అవసరమే ఎప్పుడూ రాలేదు. ఆమె చేతులు కట్టుకుని నెమ్మదిగా నడిచొస్తుంటే, ఆమెకి నాలుగడుగులు ముందు ఆ నీడ నడుం మీద చెయ్యేసుకుని వస్తుంది. అది గుమ్మంలో పడితే తరగతి మొత్తం ఊపిరి బిగబడుతుంది. బుడంకాయ గబగబా వంగి బొత్తాలు విప్పబోయింది. నీడ ఆమె చేతి మీద చిన్నగా ఒకటి వేసింది. నొప్పి పుట్టలేదు గానీ చల్లగా తగిలింది. ఆ పైన ఎడమ జడ వదులుగా ఉందని పట్టుకుని బిగించింది కూడా. ఆశ్చర్యపోవడానికి బుడంకాయకి తీరిక లేదు. గేటు వైపు పరుగెత్తింది.

నీడ ముందు మెట్ల మీద పడింది. సెలవులో పడుకున్న మెట్లు ఉలిక్కిపడి నిటారుగా లేచి నిలబడ్డాయి. అప్పుడే జారుతున్న నలుగురు పిల్లలు మిగతా దారి ఒక్కో మెట్టూ కూర్చున్న చోటుతోనే లెక్కపెట్టుకుంటూ దిగారు. కింద బెంచీ మీద లెక్కల మాస్టారు, మూడు వారాలుగా దిద్దని నోటుపుస్తకాలు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఈ గోలకి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నేలమీద ముడి, నడుం, చూపుడువేలు కనిపించాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన పుస్తకాలు తడుముకున్నాడు. తలెత్తి చూసే ధైర్యం చేయలేదు.

"దిద్దుతూనే ఉన్నాను మేడం. ముప్పాతిక అయిపోయాయి," అని నేలకే చెప్పి, వెళ్ళి తనిఖీ గంట కొట్టేశాడు.

ఆయన్ని తప్పుపట్టలేం. పెద్దమేడం ఆదివారం పదకొండు దాకా గది దాటదు. అలాంటిది ఆమె నీడ పొద్దున్నే బయట కనిపించిందంటే అది ఆకస్మిక తనిఖీ కాక మరేమిటి? తనిఖీ గంట మోగితే టీచర్లంతా వరండాలో వరసలో నిలబడాలి, గేటు మూసేయాలి, సాయంత్రం దాకా చీమ కూడా లోపలికి రాకూడదు. వాచ్‌మన్ బాబాయి గేటుకి పెద్ద తాళం వేస్తున్న చప్పుడు వినిపించినప్పుడు గానీ బుడంకాయకి అర్థం కాలేదు. అమ్మమ్మని చూడటం కోసం తాను వేసుకున్న నీడే అమ్మమ్మని గేటు బయట నిలబెట్టింది.

అక్కడ తాత టీ తాగి వచ్చాడు. బల్ల మీద పెద్దమేడం నీడ ఉండాల్సిన చోట జానెడు నీడ గెంతుతోంది. దండెం ఖాళీ. బుడంకాయ తన నీడ ఎలాగో ఆరితే తీసుకుపోయి ఉంటుందని, వేడి పెట్టె పక్కనే వదిలేసి వెళ్ళి మేడం నీడ కుంచించుకుపోయేలా చేసింది తానేనని తాత తేల్చుకున్నాడు. రెండు జడలు కూడా ఆయన కంటపడ్డాయి. చిన్నప్పుడు మేడంకి మాత్రం జడలుండవా, నీడ కుంచించుకుపోతే వయసూ తగ్గుతుంది కాబోలు అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే గంట విని లేచిన పెద్దమేడం నీడ పంపమని కబురు చేసింది. తాత వెళ్ళి ఆమె మడమలకి బొత్తాలు పెట్టాడు.

"ఉతుకులో కాస్త దగ్గరపడింది మేడం. రెండుసార్లు వేసుకుంటే సాగుతుంది," అన్నాడు.

అది సాగలేదు, గెంతింది. నీడ గెంతితే మనిషి ఊరుకోగలదా? పెద్దమేడం గది గుమ్మం నుంచి ఒంటికాలి మీద బయటికొచ్చింది. వరండా నేలకి నలుపూ తెలుపూ గళ్ళు. నీడ నల్ల గడి ముట్టకుండా తెల్ల గడుల్లోనే గెంతించింది. వరసలో నిలబడ్డ టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తనిఖీలో ఇదేదో కొత్త పద్ధతనుకుని ముందుగా లెక్కల మాస్టారు ఒక కాలు ఎత్తాడు. దిద్దని పుస్తకాలున్న మనిషికి మిగతావాళ్ళకంటే క్రమశిక్షణ ఎక్కువ. ఆయన వెనక పదకొండు మంది టీచర్లూ నల్ల గడి ముట్టకుండా గెంతుతూ గేటు దాకా వచ్చారు.

గేటు దగ్గర బుడంకాయ ఊచలు పట్టుకుని ఏడుస్తోంది. బయట అమ్మమ్మ నడుం మీద ఎడమ చెయ్యేసుకుని, కుడి చూపుడువేలు వాచ్‌మన్ మీదికెత్తి నిలబడి ఉంది.

"రెండు బస్సులు మారి వచ్చాను నాయనా. తనిఖీ చేసుకోండి, ఎవరొద్దన్నారు? కావాలంటే నన్నూ చేసుకోండి. పిల్లని మాత్రం చూడనివ్వండి."

బుడంకాయ ఏడుపు మధ్యలో ఆగిపోయింది. అమ్మమ్మ చెయ్యి చూసింది. నేలమీద తన నీడ చెయ్యి చూసింది. ఈలోగా ఆ నీడ, ఎవరూ విప్పకుండానే, పటపటమని బొత్తాలు తెంపుకుని గేటు కిందనుంచి జారిపోయి అమ్మమ్మ పాదాలకి అతుక్కుంది. తాళానికి దాని చెవి పట్టినంత సరిగ్గా అతికింది. అమ్మమ్మ వెనక నక్కి ఉన్న పిరికి నీడ ఇటు పాక్కుంటూ వచ్చి పెద్దమేడం కాళ్ళు చుట్టేసుకుంది.

"ఏమే పిరికిదానా," అంది అమ్మమ్మ పెద్దమేడంతో. "వారం రోజులని తీసుకుని నలభై ఏళ్ళా?"

"నువ్వడగలేదుగా," అంది పెద్దమేడం, ఆయాసపడుతూ.

ఇద్దరూ ఒకే బెంచీ వాళ్ళు. చదువయ్యాక ఒకరికి ఈ బడిలోనే ఉద్యోగం వచ్చింది. మొదటిరోజే పిల్లల అల్లరికి తట్టుకోలేక ఇస్త్రీ గదిలో కూర్చుని ఏడుస్తుంటే, వీడ్కోలు చెప్పడానికి వచ్చిన రెండో ఆవిడ తన నీడ విప్పి ఇచ్చి, ఆమెది తాను తగిలించుకుని పోయింది. ఈ సంగతి చెబితే స్నేహితురాలి మనవరాలని గారం చేసి పాడుచేస్తారని అమ్మమ్మ ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుంది. ఆమె నోరు కట్టేసుకున్నది జీవితంలో అదొక్కసారే.

బుడంకాయకి మాత్రం వేరే సంగతి తోచి మళ్ళీ ఏడుపొచ్చింది. మూడు నెలలుగా ఆ నీడ తన బల్ల మీద పడినప్పుడల్లా బిక్కచచ్చిపోయి కూర్చుంది. అమ్మమ్మ లేదని రోజూ దుప్పట్లో దూరి ఏడ్చింది. అమ్మమ్మ రోజూ వచ్చి తన జడలు చూసి పోతూనే ఉందన్నమాట.

పెద్దమేడం ఒంటికాలి మీదే నిలబడి వాచ్‌మన్ వైపు తిరిగింది. ముందు నడిచే నీడ లేదు. కాళ్ళ దగ్గర ఒకటి గెంతుతోంది, ఒకటి వణుకుతోంది. "గేటు తియ్యి. సాయంత్రం దాకా తీసే ఉంచు," అంది. ఆమె గట్టిగా మాట్లాడటం ఆ బడి వినడం అదే మొదలు. వాచ్‌మన్ బాబాయి రెండో మాట లేకుండా తీశాడు. నీడ లేని మనవరాలికి తిండి సరిగా పెడుతున్నారో లేదో అమ్మమ్మ భుజాలూ బుగ్గలూ తడిమి చూసుకుంది. నలభై ఒక్క సంగతులూ అయిపోయి, కొత్తగా ఇంకొకటి కూడా చేరింది.

సాయంత్రం అమ్మమ్మ వెళ్ళేటప్పుడు పెద్దమేడం తన పాత నీడని తాను ఉంచుకుంటానంది. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "దీన్ని కసరకపోతే నాకు పొద్దుపోదు. నాది నీ దగ్గరే ఉండనీ. నా మనవరాలి మీద ఓ కన్నేసి ఉంచుతుంది," అని మళ్ళీ మార్చి, తాత చేత బొత్తాలు గట్టిగా కుట్టించి మరీ వెళ్ళింది. బుడంకాయకి నెలరోజులు దండెం దగ్గర పని శిక్ష పడింది. ఆ నెలలోనే, పెద్దమేడం కాళ్ళ నుంచి విప్పి ఇచ్చిన ఆమె నీడా తడిసి, ఆరి, సాగి మామూలుకి వచ్చింది. ఇప్పుడు పెద్దనీడ తరగతిలోకి వస్తే అందరూ తలలు దించుకుంటారు, బుడంకాయ జడ ముందుకి వేసుకుని కూర్చుంటుంది.

లెక్కల మాస్టారికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు, అందుకని ఆయన ఇప్పటికీ పెద్దమేడం ఎదురైతే ఒక కాలు ఎత్తుతాడు.